బెంగతో ఒళ్ళు చేసిన కుక్క

జేబు వంకరగా ఉన్న కోటు తొడుక్కుని తిరిగే మనిషికి నా కుక్కని అప్పజెప్పనంటే అప్పజెప్పనని నడిరోడ్డు మీద తేల్చి చెప్పేసరికి మా ఆయన టక్కున ఆగిపోయారు. ఆయన బస్సు డిపోలో టైము కీపరు. పాతికేళ్ళ ఉద్యోగంలో బస్సు గంట ఆలస్యంగా వచ్చినా గొంతు పెంచి ఎరగరు, పుస్తకంలో రాసుకుని ఊరుకుంటారు. అలాంటి మనిషి ఆ రోజు గొంతు పెంచారు.

"ఆ కోటు ఆయనేమన్నా కుట్టుకున్నాడా? కొట్లో కొనుక్కున్నాడు! జేబుకీ కుక్కకీ ఏంటే సంబంధం?"

"కొనేటప్పుడు చూసుకోవద్దా? తన ఒంటి మీద జేబు ఇంత వంకరగా ఉంటే కనిపించనివాడికి బొత్తాం కాల్లో ముల్లు దిగితే కనిపిస్తుందా?"

బొత్తాం మా కుక్క. పిల్లగా ఇంటికొచ్చిన మొదటి రోజే నా డబ్బాలోంచి కోటు బొత్తాం ఒకటి మింగేసి, రెండు రోజులు ఇంటిల్లిపాదినీ వాడి వెనకాల తిప్పించుకున్నాడు. బొత్తాం బయటికొచ్చింది గానీ పేరు వాడికి ఉండిపోయింది. ఇప్పుడు ఆరేళ్ళు. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి పడుకుని ఉంటుంది. మేమిద్దరం రోడ్డు మీద వాదించుకుంటుంటే వాడు మా అత్తగారి చేతిసంచీలోకి తల దూర్చి తన పని తను చూసుకుంటున్నాడు.

"ఇది మూడోది. ఇంకెన్నున్నాయిరా ఈ ఊళ్ళో కుక్కల హాస్టళ్ళు?" అని మా అత్తగారు కొడుకుని అడిగారు. నన్ను అడగలేదు. నన్ను అడిగితే ఏమొస్తుందో ఆవిడకి తెలుసు.

అసలు సంగతి చెప్పాలి. నేను బట్టలు కుడతాను. పద్నాలుగో ఏట కత్తెర పట్టాను, ముప్పైనాలుగేళ్ళయింది. మా ఇంటి ముందుగదిలో మిషను, ఇస్త్రీబల్ల, నిలువుటద్దం పోను మనిషి తిరగడానికి రెండడుగుల చోటుంటుంది. ఆ రెండడుగుల్లో బొత్తాం పడుకుంటాడు. ఏడాదిగా నా కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మొదట్లో విదిలిస్తే పోయేది. తర్వాత తిమ్మిరి పోయి మొద్దుబారడం వచ్చింది. సూది జారిపోతే జారిందని తెలియదు. ఒకరోజు గుండుసూది వేల్లో దిగితే, పెళ్ళికూతురి తెల్లగౌను మీద ఎర్రచుక్క పడ్డాక చూసుకున్నాను. బొత్తాం వచ్చి తడిముక్కుతో నా వేళ్ళని తోస్తాడు, అది వాడి అలవాటు. కిందికి చూస్తే తప్ప వాడొచ్చాడని నాకు తెలియడం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని, చిన్న ఆపరేషనేనని డాక్టరు చెప్పాడు. పొరుగూరి ఆసుపత్రిలో మా చెల్లెలు నర్సు. అక్కడే చేయిద్దామని రెండుసార్లు తేదీ తీసుకుంది, రెండుసార్లూ నేను మార్పించాను. ఈమధ్య మళ్ళీ చూపిస్తే, బొటనవేలి కింద కండ కరిగిపోతోంది, ఇంకా నానిస్తే కోసినా పట్టు తిరిగిరాదు అన్నాడు డాక్టరు. చెల్లెలు మూడో తేదీ తీసుకుని, "అక్కా, ఈసారి గానీ మార్చావో, ఇక నీ చెయ్యి నీ ఇష్టం," అని ఫోను పెట్టేసింది. ఆ తేదీకి ఇంక తొమ్మిది రోజులుంది.

కుట్లు విప్పేదాకా పన్నెండు రోజులు చెల్లెలి ఇంట్లోనే ఉండాలి. మా ఆయన ఆసుపత్రిలో ఉండాలి కాబట్టి వస్తారు. "దానికి తల దువ్వేదెవరు?" అంటూ మా అత్తగారూ బయల్దేరారు. చెల్లెలి బిల్డింగులో కుక్కల్ని రానివ్వరు. మా పై ఇంటాయనకి బొత్తాం తోక కనిపిస్తే చాలు, వరసపెట్టి తుమ్ములు. అందుకని వాణ్ణి డాగ్ బోర్డింగులో పెట్టాలి. ఆపరేషనంటే నాకేం భయం లేదు, కుక్కకి మంచిచోటు దొరకాలి, అంతే. ఈ మాట అందరికీ చెప్పాను. ఎవరూ లేనప్పుడు మిషనుకి కూడా చెప్పాను.

ఎందుకంత పట్టుదలంటే, రెండేళ్ళ క్రితం చెల్లెలు ఇల్లు మారుతుంటే సాయానికి నాలుగు రోజులు వెళ్ళాను. మొదటిరోజు సాయంత్రమే ఫోను చేసి బొత్తాం ఏం చేస్తున్నాడని అడిగాను. "ఏం చేస్తాడు... నువ్వు లేవుగా, తిండి ముట్టట్లేదు," అన్నారు మా ఆయన. రెండోరోజూ అదేమాట. మూడోరోజు మా అత్తగారు ఫోను తీసుకుని "మిషను దగ్గర్నుంచి లేవట్లేదమ్మాయ్, చూళ్ళేకపోతున్నా," అన్నారు. నాలుగోరోజు పరుగెత్తుకొచ్చి చూస్తే వాడు కాస్త ఒళ్ళు చేసినట్టున్నాడు. ఇదేంటని అడిగితే, "బెంగ. బెంగకి ఒళ్ళు ఉబ్బుతుంది," అన్నారు అత్తగారు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఊరు దాటి వెళ్ళలేదు. చెల్లెలి కూతురు పట్టా పుచ్చుకునే రోజుకి కూడా వెళ్ళలేదు. నాలుగు రోజులకే ఉబ్బినవాడు పన్నెండు రోజులకి ఏమైపోతాడు?

నాకో పద్ధతుంది. ఎవరైనా కుట్టిన బట్ట తెచ్చి బాగుందా అంటే నేను ముందువైపు చూడను. తిరగేసి, లోపలి కుట్టు చూస్తాను. దారాలు వేలాడుతున్నాయా, అంచు మడిచారా వదిలేశారా, అన్నీ అక్కడ బయటపడతాయి. కుక్కల్ని పెట్టే చోటికీ అదే పద్ధతి అనుకున్నాను.

మొదటిచోట ముందంతా అద్దాలే. పూలకుండీలు, మెత్తటి సోఫా, గోడమీద టీవీలో ఆడుకుంటున్న కుక్కలు. మా ఆయన ఆ సోఫాలో కూర్చోగానే సగం ఒప్పేసుకున్నారు. "లోపల చూపించండి," అన్నాను. కస్టమర్లు లోపలికి రాకూడదని కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. "పోనీలే," అని బయటికొచ్చి సందులోంచి వెనక్కి వెళ్ళాను. తడిచాపలు కుప్పగా పడున్నాయి, వాసనకి కళ్ళు మండాయి. గోడ మీంచి తొంగిచూస్తే వరసగా బోనులు, సగం గిన్నెల్లో నీళ్ళు లేవు, అన్ని కుక్కలకీ చీపురు పట్టుకున్న మనిషి ఒక్కడు. టీవీలో ఆడుతున్న కుక్కల్లో ఒక్కటీ అక్కడ లేదు. ఈ చోటు కాదనడంలో నాది తప్పని మా ఆయన కూడా అనలేదు.

రెండోది పెద్దతోట. కుక్కలు హాయిగా తిరుగుతున్నాయి, వాసన లేదు, నీళ్ళు నిండుగా ఉన్నాయి. కంచె చుట్టూ నడుస్తుంటే ఒకచోట వలకి చిరుగు, దాన్ని తీగతో కుట్టిన కుట్టు కనిపించాయి. వేలితో లాగితే ఊడొచ్చింది. తోటాయన కంగారుపడి సాయంత్రంలోగా కొత్తవల వేయిస్తానన్నాడు. అంతకుముందు ఎందుకు వేయించలేదని అడిగాను. ఆయన ఊడొచ్చిన తీగని జేబులో దాచుకున్నాడు.

మూడోదాంట్లో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. రెండు గేట్లు, ఒకటి మూస్తేగానీ ఒకటి తెరుచుకోదు. జబ్బుచేసిన కుక్కకి విడిగా గది. టీకాల కాగితం లేకుండా గడపే తొక్కనివ్వరు. నేను వెనక్కి వెళ్ళాను, పక్కకి వెళ్ళాను, పరుపులు తిరగేశాను, చివరికి ఆ యజమాని కోటు జేబు దగ్గర ఆగాను. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. రోడ్డుమీద ఎంత గట్టిగా అరిచానో అంత సిగ్గుగా ఉంది నాకు. నిజానికి ఆ జేబు మరీ అంత వంకరేం కాదు.

మర్నాడు మా అత్తగారు పశువుల డాక్టరు దగ్గరికి తనే వెళ్ళి ఒక చిరునామా పట్టుకొచ్చారు. "డాక్టరుగారి కుక్కని ఇక్కడే పెడతార్ట. ఇది చివరిది అమ్మాయ్. ఇక్కడా వంకలు పెట్టావంటే నేనే ఆ హాస్టల్లో చేరిపోతా," అన్నారు.

బొత్తాన్ని వెంటబెట్టుకుని ముగ్గురం వెళ్ళాం. ఊరి చివర, రంగు వెలిసిన గోడ, తుప్పు పట్టిన గేటు. బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయాయి. మా ఆయన మొహం వేలాడేశారు. నాకు మాత్రం మనసులో తేలికైంది. ఇంత సుళువుగా కాదనే చోటు దొరుకుతుందనుకోలేదు. తలుపు కొడితే లోపల్నుంచి ఒక ఆడగొంతు, "ముందు తలుపు రాదు, వెనక నుంచి రండి!" అంది.

వెనక నుంచి రమ్మన్న మనిషిని ఇంతవరకూ చూడలేదు. వెళ్ళాం. పెద్ద నాపరాళ్ళ పెరడు, కడిగి ఆరబెట్టిన చాపలు తీగమీద వరసగా ఉన్నాయి. పదకొండు కుక్కలున్నాయి. అరుపులు లేవు. ఒకటి నీళ్ళు తాగుతోంది, ఒకటి ఎండలో వెల్లకిలా పడుకుంది. ప్రతి గది తలుపుకీ ఒక అట్టముక్క, దానిమీద ఆ కుక్క పేరు, తిండి, మందు, డాక్టరు నంబరు. గళ్ళచొక్కా వేసుకున్న ఒకావిడ, అరవై ఏళ్ళుంటాయి, గొట్టంతో గచ్చు కడుగుతోంది. ఆ చొక్కాకి ఎడమవైపు జేబుంది. జేబుమీది గళ్ళు, చొక్కామీది గళ్ళు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయి. గళ్ళబట్టకి జేబు అలా కలపడం ఎంత పనో నాకు తెలుసు.

"ఈ చొక్కా ఎవరు కుట్టారండీ?" అని అడిగాను, నోరు ఊరుకోక.

"నేనే. ఎందుకు?"

"ఊరికే," అన్నాను. మా ఆయన మొహం పక్కకి తిప్పుకుని దగ్గారు. ఆ దగ్గులో నవ్వుంది.

నేను పరుపులు తిరగేస్తుంటే ఆవిడ అభ్యంతరం చెప్పలేదు సరికదా, "ఆ మూలది కూడా చూడండి, అది కొత్తగా కుట్టా," అంది. రాత్రుళ్ళు ఎవరుంటారని అడిగాను. నేనే, ఆ మంచం నాదే, అని గదుల మధ్య ఉన్న మడతమంచం చూపించింది. పొద్దున, సాయంత్రం ఎవరు తిప్పుతారంటే తనూ, తన చెల్లెలి కొడుకూ అంది. నా ప్రశ్నలు అయిపోయాయి. అప్పుడు ఆవిడ గొట్టం కట్టేసి, చేతులు తుడుచుకుని, "మీరడిగారుగా, ఇప్పుడు నేనడుగుతా," అని లోపలికి తీసుకెళ్ళింది.

లోపల మూడు కుర్చీలు, మూడు మూలల్లో. ఒక్కొక్కరికీ ఒక కాగితం, ఒక పెన్ను ఇచ్చింది.

"ఇంట్లో ఎంతమందుంటే అంతమందీ రాయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. మాట్లాడుకోకూడదు," అంది.

"పరీక్షా ఏంటి? కుక్క ఒక్కటేగా!" అన్నారు మా ఆయన.

"మీకు ఒక్కటే. ఇదివరకు ఇంటికొక కాగితమే ఇచ్చేదాన్ని. ఒకావిడ రాసింది నమ్మి ఒక కుక్కకి రోజూ పాలు పోశా. దానికి పాలు పడవు. ఆ సంగతి ఆ ఇంటి తాతకొక్కడికే తెలుసు. రాత్రంతా కడిగి కడిగి నా నడుం పోయింది. అప్పట్నుంచీ ఇదీ పద్ధతి. తెలిసింది తెలిసినట్టు రాయండి. ఇక్కడ అబద్ధం రాస్తే బాధపడేది కుక్క, మీరు కాదు."

ఆ చివరిమాటకి మా ఆయన, అత్తగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. పెన్ను పట్టుకోవడంలోనే నా ప్రాణం పోతోంది. రెండుసార్లు జారి కిందపడింది. రెండోసారి గళ్ళచొక్కా ఆవిడే తీసి ఇచ్చి, నా చెయ్యి ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది. ఎడంచేత్తో రాశాను. కోడి కెలికినట్టొచ్చింది.

ఆవిడ మూడు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పెట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, కోర్టులోలాగా చదవడం మొదలెట్టింది.

"రోజుకెన్నిసార్లు తింటాడు? మీరు రాసింది రెండుసార్లు." నా వైపు చూసింది. "బాబుగారు రాసింది రెండుసార్లు, పొద్దున అయిదింటికి డ్యూటీకి వెళ్ళేముందు ఒక బ్రెడ్డుముక్క."

"బ్రెడ్డా?" అన్నాను.

"చిన్నముక్కే," అన్నారు మా ఆయన నేలచూపులు చూస్తూ.

"పెద్దావిడ రాసింది... రెండుసార్లు, పదింటికి ఉడకబెట్టిన గుడ్డు, నాలుగింటికి బిస్కెట్లు, ఇంకా వాడు ఎప్పుడు అడిగితే అప్పుడు."

"అత్తయ్యా!"

"నోరులేని జీవం. అడిగితే లేదంటామా?" అన్నారు అత్తగారు.

"నోరులేని జీవం ఎలా అడుగుతుంది?"

"కళ్ళతో," అన్నారు ఏమాత్రం తడుముకోకుండా.

పడుకునే చోటు దగ్గరా అంతే. మిషను కింద, గుడ్డముక్కల మీద అని నేను రాశాను. "తను నిద్రపోయాక నా కాళ్ళ దగ్గర" అని మా ఆయన. "తెల్లవారుజామున నా మంచం మీద" అని అత్తగారు. ఇంటిల్లిపాదీ కలిసి నా కళ్ళుగప్పి కుక్కచేత షిఫ్టులు చేయిస్తున్నారన్నమాట. నాకు ఒళ్ళు మండింది గానీ, ఏ మూలో నవ్వు కూడా వస్తోంది.

"దేనికి భయపడతాడు? ఉరుముకి అని మీరు. ఉరుముకి అని బాబుగారు. పెద్దావిడ..." ఆవిడ ఆగింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "కోడలికి."

మా ఆయన ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వేశారు. "ఉన్నమాటేగా," అన్నారు అత్తగారు. "భయమే. అయినా దాని కాళ్ళ దగ్గరే పడుంటాడు. వాడూ నాలాగే."

అలా నవ్వుతూ ఉండగానే చివరి ప్రశ్నొచ్చింది. ఇంట్లో ఎవరు లేకపోతే బెంగపడతాడు, అప్పుడేం చేస్తాడు? గళ్ళచొక్కా ఆవిడ నాది చదివింది. "నేను లేకపోతే. తిండి మానేస్తాడు. బెంగకి ఒళ్ళు ఉబ్బుతుంది." చదివి తలెత్తింది. "నలభై ఏళ్ళుగా కుక్కల్ని చూస్తున్నానమ్మా. బెంగపడ్డ కుక్క చిక్కిపోతుంది. ఉబ్బడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"మా వాడు ఉబ్బాడు. వీళ్ళనడగండి," అన్నాను గర్వంగా.

తల్లీకొడుకులు తేలుకుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ఆవిడ మిగతా రెండు కాగితాలూ చదవకుండా నా ముందుకి తోసింది. మా ఆయన అచ్చం డిపో పుస్తకంలో రాసినట్టు రాశారు: *తను నాలుగు రోజులు లేనప్పుడు మామూలుగానే ఉన్నాడు. తిన్నాడు, ఆడుకున్నాడు, పడుకున్నాడు.* అత్తగారి పెద్దపెద్ద అక్షరాలు: *రెండింతలు తిన్నాడు. అడ్డుచెప్పేవాళ్ళు లేరు కదా.*

"మరి ఫోన్లో చెప్పిందంతా?" అన్నాను.

మా ఆయన లేచి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. "ఆ రోజు నువ్వు ఫోన్లో 'నేను లేకపోతే వాడెలా ఉన్నాడండీ' అన్నావే, ఆ గొంతు విన్నాక 'బ్రహ్మాండంగా ఉన్నాడు' అనడానికి నాకు నోరు రాలేదు. నీకు సంతోషంగా ఉంటుందని ఒకమాట అన్నా. మర్నాడు నువ్వు మళ్ళీ అడిగావు. అన్నమాట వెనక్కి తీసుకోలేక ఇంకోటి అన్నా."

"మరి ఉబ్బడం?"

"అది నాది," అన్నారు అత్తగారు. "నువ్వు ఎదురుగా నిలబడి 'వీడేంటి లావయ్యాడు' అని అడిగేసరికి ఏం చెప్పాలో తోచలేదు. నోటికొచ్చింది అనేశా. నువ్వు నమ్ముతావనుకోలేదమ్మాయ్. నమ్మాక, ఆ సంతోషం ఎలా తీసేయను?"

రెండేళ్ళు. రెండేళ్ళు నేనొక అబద్ధాన్ని పతకంలా మెడలో వేసుకుని తిరిగాను. చెల్లెలి కూతురు నామీద ఇప్పటికీ అలక తీరలేదు. రెండుసార్లు ఆసుపత్రి తేదీ మార్చాను. నేను లేకపోతే ఒక ప్రాణి తిండి మానేస్తుందని, నన్నింత ప్రేమించేవాడు ఒకడున్నాడని మురిసిపోయాను. వాడేమో ఆ నాలుగు రోజులూ రెండింతలు తిన్నాడు! కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందో తెలియక రెండూ ఒకేసారి చేశాను. గళ్ళచొక్కా ఆవిడ మంచినీళ్ళు తెచ్చిపెట్టి, నా ఏడుపు అయ్యేదాకా చాపలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

"కోపం రావలసిందేనమ్మా. కానీ కుక్కకిది మంచి వార్తే. పన్నెండు రోజులుంటాడు. తింటాడు. ఇంక మీకేంటి అడ్డం?" అంది.

అడ్డమేమీ లేదు. వెనకవైపు చూశాను, పరుపులు తిరగేశాను, జేబు కూడా చూశాను. ఒక్క వంకా మిగల్లేదు. అప్పుడు నా నోట్లోంచి, ఏడాదిగా ఎవరితోనూ అనని మాట వచ్చేసింది.

"నాకు భయంగా ఉందండీ," అన్నాను మా ఆయనతో. "కోశాక ఇది లేవకపోతే? నాకు కుట్టడం తప్ప ఇంకేం చేతకాదు. బొత్తాం ముక్కు తగిలినా తెలియట్లేదు. తెలియట్లేదని మీకెవరికీ చెప్పలేదు."

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్నారని చూసి తెలుసుకున్నాను. ఆ సంగతి ఆయనకీ అర్థమై, వదిలేసి, మణికట్టు పైన, తెలిసేచోట పట్టుకున్నారు. అత్తగారు మాత్రం ముక్కు చీదుకుని, "భయపడుతూనే పోదాం. నీకు భయపడుతూ పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండట్లా నేను?" అన్నారు.

ఆ రోజే సగంపూట బొత్తాన్ని వదిలి చూడమంది గళ్ళచొక్కా ఆవిడ. అది కూడా ఆవిడ పద్ధతే. ముందు సగంపూట ఉండకుండా ఏ కుక్కనీ చేర్చుకోదు. గొలుసు కొక్కెం నొక్కడానికి నా బొటనవేలు రాలేదు, మా ఆయన తీశారు. వాడు వెనక్కి తిరిగి చూస్తాడని నిలబడ్డాను. ఎండలో వెల్లకిలా పడుకున్న కుక్క పక్కకెళ్ళి వాడూ వెల్లకిలా పడుకున్నాడు. దొంగవెధవ!

"ఎలా ఉన్నాడని రోజూ ఫోను చేస్తే చెబుతారా?" అని బయల్దేరేముందు అడిగాను.

"చెప్పను. ఏదన్నా తేడావస్తే నేనే చేస్తా. చెయ్యలేదంటే బాగున్నట్టు. రోజూ జరిగింది పుస్తకంలో రాస్తా, వచ్చాక చదువుకోండి." ఆవిడ నావైపు అదోలా చూసింది. "పుస్తకంలో ఉన్నదున్నట్టే రాస్తా. మీ ఇంట్లోలా కాదు."

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పావుగంట పట్టింది. ఏడాదిగా దేన్ని చూసి పారిపోయానో అది ఒక ప్యాంటు అంచు కుట్టేపాటి సమయంలో అయిపోయింది. బల్లమీద పడుకోబెట్టాక మా చెల్లెలు నా ఎడంచెయ్యి పట్టుకుని, "కుక్క ఎలా ఉందక్కా?" అంది. "నేను లేకపోయినా తింటాడట," అన్నాను. చెల్లెలికి తెలుసట. అందరికీ తెలుసట. పన్నెండు రోజులూ మా అత్తగారు నా తల దువ్వారు, ఒక్కరోజు కూడా పాపిట తిన్నగా తీయలేదు. నేను కూడా ఏమీ అనలేదు. ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. మోగలేదని సంతోషించాలో, ఏడవాలో తెలియక ఫోనునే చూస్తూ కూర్చునేదాన్ని.

కుట్లు విప్పిన రోజు సాయంత్రం బస్సుదిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా అటే వెళ్ళాం. ముందుతలుపు ఇంకా బాగుచేయించలేదు. వెనకనుంచి వెళ్ళాం. గళ్ళచొక్కా ఆవిడ ఈసారి చారల చొక్కాలో ఉంది, చారలూ కలిశాయి. బొత్తాన్ని తేవడానికి వెళుతూ నా చేతిలో పుస్తకం పెట్టింది. ఎడంచేతిలో.

పన్నెండు రోజులకి పన్నెండు వరసలున్నాయి. తిన్నాడు, గిన్నె నాకాడు. తిన్నాడు, పక్కవాడి గిన్నె కూడా నాకాడు. వానపడింది, ఉరిమింది, నా మంచం కింద దూరాడు. ఇలాగే అన్నీ. కానీ మొదటి వరస దగ్గర నా చూపు ఆగిపోయింది.

*మొదటిరోజు: పొద్దున తినలేదు. గేటు దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. సాయంత్రం తిన్నాడు.*

రెండుసార్లు చదివాను. లోపల ఆవిడ బొత్తాన్ని పిలవడం వినిపిస్తుంటే అక్కడినుంచే ఆవిడకి వినపడేలా అరిచాను. "ఏవండీ, ఇది నిజమేనా? నాకోసం రాశారా?"

"జరగనిది పుస్తకంలో రాయనని చెప్పానుగా!" అని లోపల్నుంచి కోపంగా జవాబొచ్చింది.

"ఒక్కపూట," అన్నారు మా ఆయన భుజంమీంచి చూస్తూ, భయంభయంగా.

"ఒక్కపూటే," అన్నాను. "చాలు. ఎవరూ కల్పించింది కాదు."

తలుపు తెరుచుకుంది. బొత్తాం బాణంలా దూసుకొచ్చాడు, నా పక్కనుంచి దూసుకుపోయాడు, తిన్నగా మా అత్తగారి చేతిసంచీలో తల దూర్చాడు. ఆవిడ నావైపు చూడకుండా సంచీని కాస్త వెడల్పు చేశారు. అందులో గుడ్డుందని నాకు బస్సులోనే తెలుసు. అనలేదు. నవ్వుకుంటూ, ఆవిడ సంచీ వైపు వీపు పెట్టి, కట్టున్న చెయ్యి కిందికి వదిలేసి నిలబడ్డాను. గుడ్డు ఎంతసేపు వస్తుంది?

బొటనవేలి మీద తడి తగిలింది. చల్లగా.

కిందికి చూడలేదు. చూడక్కర్లేదు.

"ఏంటి, అలా ఉండిపోయావు?" అన్నారు మా ఆయన.

"ముక్కండీ," అన్నాను. "వాడి ముక్కు."